యాభై దాటాక పరాయి దేశంలో ఒక రాత్రి నాట్యం నేర్చుకోవచ్చా?

ప్రశ్న: నా వయస్సు 56. ఎనిమిదేళ్ళుగా షుగరు వ్యాధి ఉంది. ఉదయం టిఫిను ముందు గ్లిమెపిరైడ్, రెండు పూటలా మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. మావారికి 62. ఆయనకు బి.పి. ఉంది. మెటోప్రొలాల్ మాత్ర వేసుకుంటారు. మా అబ్బాయి, కోడలు అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఏర్స్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. వచ్చే నెల మేమిద్దరం అక్కడికి వెళ్తున్నాం. ఆ ఊళ్ళో టాంగో అనే నాట్యం బాగా ప్రసిద్ధి అట. రాత్రి తొమ్మిది గంటలకు పాఠం చెప్పి, ఆ తర్వాత అర్ధరాత్రి దాటేదాకా అందరితో కలిసి ఆడనిచ్చే చోట్లున్నాయట. ఒక రాత్రి తీసుకువెళ్తానంటున్నాడు మావాడు. మావారు "ఈ వయసులో ఊరుగాని ఊళ్ళో గంతులేమిటి?" అని కొట్టిపారేస్తున్నారు. నాకు మాత్రం వెళ్ళాలని ఉంది. చిన్నతనంలో మూడేళ్ళు కూచిపూడి నేర్చుకున్నాను. పెద్దమనిషినయ్యాక ఇంట్లో మానిపించేశారు. అప్పటినుంచి మళ్ళీ కాలు కదపలేదు. నేను వెళ్ళవచ్చా? మధ్యలో ఒంట్లో బాగా లేకపోతే, భాష రాని చోట నలుగురిలో ఎలా చెప్పుకోవడం?

— ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: తప్పకుండా వెళ్ళండి. ఈ మాట ముందు చెప్పి, జాగ్రత్తలు తర్వాత చెబుతాను. జాగ్రత్తలు ముందు చెబితే మనవాళ్ళు అవి విని, అసలు సంగతే మానుకుంటారు.

ఈ సందేహం మీ ఒక్కరిదే కాదు. పిల్లలు విదేశాల్లో ఉద్యోగాలు చేస్తుంటే, యాభై, అరవై దాటిన తల్లిదండ్రులు సముద్రాలు దాటి వెళ్ళిరావడం మామూలైపోయింది. అక్కడ పిల్లలు సరదాపడి ఏదో ఒక నాట్యశాలకు తీసుకువెళ్తారు. ఒక చోట సల్సా, మరొక చోట టాంగో. పిల్లలు లేచి ఆడుతుంటారు. పెద్దవాళ్ళు మాత్రం ఓ మూల కుర్చీల్లో కూర్చుని అందరి చేతిసంచులకూ కాపలా కాస్తుంటారు.

నిజానికి ఈ వయసువారికి నాట్యంవల్ల జరిగే కీడు తక్కువ. ఆ నాట్యం చుట్టూ ఉండేవాటివల్ల జరిగేదే ఎక్కువ. సుదీర్ఘమైన విమాన ప్రయాణం, వేళ తప్పిన భోజనం, కొత్త చెప్పులు, ఖాళీ కడుపున ఒక గ్లాసు వైను — ఇవీ అసలు శత్రువులు. వీటికి తోడు మరొకటి ఉంది. అది సిగ్గు. లేచి ఆడడానికి సిగ్గుపడితే పోయేది ఒక సరదా మాత్రమే. ఒంట్లో తేడా తెలుస్తున్నా "అందరూ ఏమనుకుంటారో" అని కూర్చోవడానికి సిగ్గుపడితే ప్రాణం మీదికి వస్తుంది. మీరు అడిగిన రెండు ప్రశ్నల్లో రెండోదే ముఖ్యమైనది. దానికి చివర జవాబు చెబుతాను.

టాంగో అంటే గంతులు కాదు

ముందు మీవారి అభ్యంతరం సంగతి చూద్దాం. టాంగోలో గంతులు లేవు. సినిమాల్లో కాలు గాలిలోకి విసరడం, ఆడమనిషిని నడుము దగ్గర వెనక్కి వంచడం చూసి ఉంటారు. అది రంగస్థలం మీద చూపించడానికి. మామూలు జనం ఆడుకునే టాంగో అంతా నడకే. ఇద్దరు ఎదురెదురుగా చేతులు పట్టుకుని నిలబడతారు. ఒకరు ముందుకు నడుస్తారు. ఎదుటివారు ఆ కదలికను కనిపెట్టి వెనక్కి నడుస్తారు. మధ్య మధ్య ఆగుతారు, పక్కకు తిరుగుతారు. జంటలన్నీ హాలులో గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంటాయి. మనం గుడిలో చేసే ప్రదక్షిణానికి ఇది తలకిందులన్నమాట.

పందొమ్మిదో శతాబ్దం చివరి రోజుల్లో, రియో దె లా ప్లాతా నదీముఖానికి ఇరువైపులా ఉన్న బ్యూనస్ ఏర్స్, మోంటెవిడియో నగరాల పేదపేటల్లో ఈ నాట్యం పుట్టింది. యూరపు నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చినవారు, ఆఫ్రికా బానిసల సంతతివారు, స్థానికులు — వీళ్ళందరి ఆటపాటలూ కలిసి టాంగో అయింది. 2009లో యునెస్కో దీనిని మానవజాతి సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చింది. ఇప్పటికీ బ్యూనస్ ఏర్స్‌లో డెబ్భై, ఎనభై ఏళ్ళవారు శుభ్రంగా తయారై వచ్చి ఆడుతుంటారు. అందుచేత మీ 56 ఏళ్ళు అక్కడ పెద్ద వయసేమీ కాదు.

శ్రమ ఎంత ఉంటుంది? నెమ్మదిగా ఆడే టాంగోకు పట్టే శ్రమ, చదునైన రోడ్డు మీద కాస్త చురుగ్గా నడిచినంత. సల్సా అయితే ఇంతకన్నా ఎక్కువ. అది మెట్లు ఎక్కుతున్నంత పని. టాంగో ఆడే హాలును "మిలోంగా" అంటారు. అదే పేరుతో ఒక వేగమైన నాట్యం కూడా ఉంది. "వాల్స్" అని గిరగిర తిరిగేది మరొకటి ఉంది. మొదటి రాత్రి మీకు ఈ రెండూ వద్దు. ఆ పాటలు వచ్చినప్పుడు కుర్చీలో కూర్చుని చూడండి.

ఎవరు ఆడకూడదు?

ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోవచ్చు. మధ్యలో ఆగకుండా రెండంతస్తుల మెట్లు మామూలు వేగంతో ఎక్కండి. ఛాతీలో నొప్పి, బిగింపు, విపరీతమైన ఆయాసం రాకుండా పైకి చేరితే, నెమ్మది టాంగోకు మీ గుండె సరిపోతుందనే అనుకోవచ్చు. మెట్ల మధ్యలోనే ఛాతీ పట్టేసినట్లుంటే, ప్రయాణానికి ముందే డాక్టరుకు చూపించుకోవాలి. నాట్యం మాట తర్వాత, విమానం ఎక్కవచ్చో లేదో ముందు తేలాలి.

ఇటీవల గుండెపోటు వచ్చినవారు, బి.పి. అదుపులో లేనివారు, తరచు తల తిరిగి తూలేవారు, షుగరువల్ల కంటి లోపలి పొరలో రక్తస్రావం జరిగినవారు, అరికాలిలో పుండు ఉన్నవారు తమ డాక్టరును అడగకుండా నాట్యానికి దిగకూడదు.

దిగిన రాత్రే వద్దు

మన హైదరాబాదు నుంచి బ్యూనస్ ఏర్స్‌కు నేరుగా విమానం లేదు. ఒకటి రెండు చోట్ల మారి వెళ్ళేసరికి ఇరవైనాలుగు గంటలు దాటిపోతుంది. పైగా అక్కడి గడియారం మన కన్నా ఎనిమిదిన్నర గంటలు వెనక ఉంటుంది. అక్కడ రాత్రి 11 గంటలైతే మనకు మర్నాటి ఉదయం 7.30. నిద్ర లేక, వేళలు తారుమారై ఉన్న మనిషికి నిలకడ తగ్గుతుంది. కాలు తడబడుతుంది. వెనక్కి నడవాల్సిన నాట్యానికి ఇది మంచిది కాదు. కనీసం మూడు రాత్రులు నిద్రపోయాక నాట్యానికి వెళ్ళండి. మీ అబ్బాయి ఉత్సాహపడి దిగిన రాత్రికే ఏర్పాటు చేస్తే, వద్దని గట్టిగా చెప్పండి.

మాత్రల వేళలు కూడా తారుమారవుతాయి. ప్రయాణం రోజున ఏ మాత్ర ఏ గంటకు వేసుకోవాలో బయలుదేరే ముందే మీ డాక్టరుచేత కాగితం మీద రాయించుకోండి. అనుమానం వచ్చి రెండోసారి వేసుకోవడం ఎంతమాత్రం పనికిరాదు. మందులన్నీ చేతిసంచీలోనే ఉండాలి. సామాను ఒక ఊరికి, మనిషి ఒక ఊరికి చేరడం విమాన ప్రయాణాల్లో వింతేమీ కాదు.

మర్నాడు పిక్క నొప్పి వస్తే

ఇది శ్రద్ధగా చదవండి. చాలాకాలం తర్వాత నాట్యం చేస్తే మర్నాడు కాళ్ళు నొప్పులు పుడతాయి. అది సహజం. ఆ నొప్పి సాధారణంగా రెండు కాళ్ళలోనూ ఉంటుంది. మర్నాటికి మొదలై, రెండో రోజు ఎక్కువై, మూడు నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. లేచి నాలుగడుగులు వేస్తే కాస్త సర్దుకుంటుంది. దీనికి భయపడనక్కరలేదు.

ఒకే కాలి పిక్క నొప్పి పుడితే మాత్రం జాగ్రత్తపడాలి. ఆ పిక్క రెండోదానికన్నా లావుగా వాచినా, ముట్టుకుంటే వేడిగా ఉన్నా, చర్మం ఎర్రబడినా అది కండరాల నొప్పి కాకపోవచ్చు. గంటల తరబడి కాళ్ళు కదపకుండా విమానంలో కూర్చుంటే పిక్క లోపలి సిరల్లో రక్తం నెమ్మదించి గడ్డ కట్టవచ్చు. ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆధ్వర్యంలో జరిగి 2007లో వెలువడిన పరిశోధన ప్రకారం, నాలుగు గంటలకు మించి కదలకుండా ప్రయాణం చేసినవారిలో ఈ ప్రమాదం సుమారు రెట్టింపవుతుంది. అయినా ఆరోగ్యవంతుల్లో ఇది ఆరువేలమందిలో ఒకరికి వచ్చేపాటిదే. స్థూలకాయులకు, గతంలో ఇలా గడ్డ కట్టినవారికి, ఈ మధ్యనే ఆపరేషను అయినవారికి, కేన్సరు ఉన్నవారికి, హార్మోను మాత్రలు వాడే స్త్రీలకు ఎక్కువ. విమానం దిగిన రోజునే రావాలని లేదు. కొన్ని వారాల దాకా రావచ్చు.

ఇందులో చిక్కేమిటంటే, నాట్యం చేసిన మర్నాడు వచ్చిన పిక్క నొప్పిని ఎవరూ అనుమానించరు. "ముసలితనంలో ఆడావుగా, అనుభవించు" అని ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. ఆ నవ్వులకు జడిసి మనిషి నొప్పి దాచుకుంటుంది. లేదా మన అలవాటు ప్రకారం అమృతాంజనం రాసి, నూనె పెట్టి, పిక్క పిసికించుకుంటుంది. గడ్డ కట్టిన పిక్కను మర్దన చేయడం ప్రమాదం. ఆ గడ్డ కదిలి, రక్తంతోపాటు గుండెకు, అక్కడనుంచి ఊపిరితిత్తులకు చేరిందంటే హఠాత్తుగా ఆయాసం, ఊపిరి తీస్తే ఛాతీలో పోటు, దగ్గులో రక్తం, కళ్ళు తిరిగి పడిపోవడం కలుగుతాయి. అందుచేత ఒకే కాలు వాస్తే మర్దన వద్దు, కాపడం వద్దు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. స్కానింగు తీస్తే తెలిసిపోతుంది. వేళకు మందులు మొదలుపెడితే చాలావరకు నయమవుతుంది.

మరొక రకం ఉంది. నాట్యం చేస్తుండగానే వెనకనుంచి ఎవరో పిక్క మీద తన్నినట్లు ఫట్‌మని నొప్పి వస్తుంది. అది పిక్క కండరం చిట్లడం. వెంటనే ఆపి, కాలు ఎత్తున పెట్టి, గుడ్డలో చుట్టిన మంచుగడ్డలతో అద్దాలి. డాక్టరుకు చూపించాలి.

విమానంలో గంటకొకసారి లేచి నడవడం, కూర్చున్నచోటే మడమలు పైకీ కిందికీ ఆడించడం, దాహం తీరా మంచినీళ్ళు తాగడం — ఈ మూడు పనులూ మీరిద్దరూ చేయాలి.

షుగరు ఉన్నవారికి అసలు ప్రమాదం

అమ్మా! మీరు వాడే మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే నేనింత చెప్పను. దానివల్ల షుగరు మరీ పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ సంగతి వేరు. ఇది తిండి తిన్నా తినకపోయినా క్లోమం చేత ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది. ఉదయం వేసుకున్న మాత్ర రాత్రి కూడా పనిచేస్తూనే ఉంటుంది. బ్యూనస్ ఏర్స్‌లో రాత్రి భోజనాలు తొమ్మిదికి, పదికి. పాఠం అయ్యాక తిందామని మీరు ఆగితే, పైన మాత్ర పనిచేస్తుంది, కింద కాళ్ళు చక్కెరను ఖర్చు చేస్తాయి, మధ్యలో కడుపు ఖాళీ. రక్తంలో షుగరు 70కి దిగువకు పడిపోవచ్చు.

పడిపోతే ఎలా తెలుస్తుంది? చెమటలు, వణుకు, గుండెదడ, ఆకలి, తల తేలిపోవడం, చూపు మసకబారడం, మాట తడబడడం. హాలులో ఉక్కపోతగా ఉంటే చెమటలు అందరికీ పడతాయి. కొత్తగా నేర్చుకునేవారికి కంగారు, దడ ఉంటాయి. మాట తడబడితే తాగారనుకుంటారు. కాబట్టి షుగరు పడిపోయినా అది నాట్యం అలసటలాగానే కనిపిస్తుంది. అనుమానం వస్తే షుగరు పడిందనే అనుకుని వెంటనే కూర్చోవాలి.

ఆ రాత్రి మీరు చేయవలసినవి ఇవి. ఆ రోజుకు గ్లిమెపిరైడ్ మోతాదు తగ్గించాలేమో ముందే మీ డాక్టరును అడగండి. మీ అంతట మీరు మానకండి. పాఠానికి గంట ముందు ఏదైనా తినండి. అక్కడ "ఎంపనాదా" అని దొరుకుతుంది. చూడడానికి మన కజ్జికాయలాగే మడిచి ఉంటుంది, కాని లోపల సాధారణంగా గొడ్డుమాంసం పెడతారు. మాంసం తిననివారు "ఉమీతా" అని అడిగితే మొక్కజొన్న కూరినది ఇస్తారు. జున్ను, ఉల్లిపాయ కూరినది కూడా ఉంటుంది. నాట్యానికి ముందు మీ మీటరుతో షుగరు చూసుకోండి. 100 కన్నా తక్కువ ఉంటే ఒక అరటిపండో, రెండు బ్రెడ్డు ముక్కలో తిన్నాకే దిగండి. 300 దాటి, దాహం, నీరసం ఉంటే ఆ రాత్రికి కూర్చుని చూడండి.

చేతిసంచీలో గ్లూకోజు పొడిగాని పంచదారగాని ఉంచుకోండి. షుగరు పడిందనిపిస్తే మూడు, నాలుగు చెంచాలు నీళ్ళలో కలుపుకుని తాగండి. పావుగంట ఆగి మళ్ళీ పరీక్ష చేయండి. తగ్గకపోతే మళ్ళీ తాగండి. తర్వాత భోజనం చేయండి. ఒకసారి సర్దుకున్నా ఆ రాత్రికి ఇంక ఆడవద్దు. ఈ మాత్ర ప్రభావం గంటల తరబడి ఉంటుంది కనుక షుగరు మళ్ళీ పడవచ్చు. కూల్‌డ్రింకు తాగేటట్లయితే సీసా చూసుకోండి. "సిన్ అసూకర్" అని ఉంటే పంచదార లేదని అర్థం. ఆ సమయంలో అది ఎందుకూ పనికిరాదు. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. ఆంబులెన్సును పిలవాలి. బ్యూనస్ ఏర్స్‌లో దానికి ఫోను నంబరు 107.

ఇక వైను. అర్జెంటీనాలో ఎర్ర ద్రాక్ష వైను బల్లల మీద మంచినీళ్ళలా కనిపిస్తుంది. షుగరు తగ్గినప్పుడు కాలేయం తన దగ్గర దాచుకున్న చక్కెరను రక్తంలోకి వదలాలి. మద్యం ఆ పని చేయనివ్వదు. తాగిన రాత్రే కాదు, మర్నాటి ఉదయం కూడా షుగరు పడిపోవచ్చు. అందుచేత మీకు వద్దు. నాట్యం చేసిన రాత్రి పడుకోబోయే ముందు మరొకసారి షుగరు చూసుకోండి.

మీవారి సంగతి

మెటోప్రొలాల్ గుండె వేగాన్ని అదుపులో ఉంచుతుంది. అందుకని ఆయన నాడి చూసి శ్రమ ఎంతో చెప్పలేం. ఎంత శ్రమపడ్డా నాడి అంతగా పెరగదు. దీనికి తేలిక పద్ధతి ఒకటి ఉంది. ఆడుతూ ఆడుతూ మామూలుగా మాట్లాడగలిగితే ఫరవాలేదు. మాట మధ్యలో ఊపిరి తెగిపోతుంటే ఆపాలి. కుర్చీలోంచి ఒక్కసారిగా లేచినప్పుడు తల తిరగవచ్చు కనుక నెమ్మదిగా లేవాలి. ప్రయాణంలో ఈ మాత్ర హఠాత్తుగా మానేయకూడదు. మానితే బి.పి., గుండెదడ ఒక్కసారిగా పెరగవచ్చు. షుగరు వ్యాధి ఉండి ఇదే మాత్ర వాడే పాఠకులు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. షుగరు పడిపోయినప్పుడు వచ్చే దడ, వణుకు ఈ మాత్రవల్ల తెలియకపోవచ్చు. వాళ్ళకు చెమటే ముఖ్యమైన గుర్తు.

కాళ్ళు, చెప్పులు, చీర

టాంగోలో కాలి మునివేళ్ళ మడత మీద తిరగాలి. అడుగున రబ్బరు ఉన్న నడక బూట్లు నేలను పట్టేస్తాయి. ఒళ్ళు తిరుగుతుంది, పాదం తిరగదు. మధ్యలో నలిగేది మోకాలు. అలాగని ఎత్తుమడమల జోళ్ళు మొదటిసారి వేసుకుంటే చీలమండ మెలిపడుతుంది. వెనక పట్టీ లేని మన చెప్పులు వెనక్కి నడిచేటప్పుడు జారిపోతాయి. అడుగు నున్నగా ఉండి, మడమ తక్కువ ఎత్తులో ఉండి, చీలమండ దగ్గర పట్టీ ఉన్నవి మంచివి. వాటిని ఇక్కడే కొని, పదిహేను రోజులపాటు రోజూ ఇంట్లో తొడుక్కుని తిరిగి అలవాటు చేసుకోండి. షుగరు ఉన్నవారికి అరికాళ్ళలో స్పర్శ తగ్గి ఉంటే చెప్పు కరిచినా తెలియదు. బొబ్బ పుండవుతుంది, పుండు నెలల తరబడి మానదు. ఆ రాత్రి ఇంటికి వచ్చాక దీపం వెలుగులో అరికాళ్ళు, వేళ్ళ సందులు చూసుకోండి. బొబ్బ ఉంటే చిదపకండి. శుభ్రమైన గుడ్డ కప్పి డాక్టరుకు చూపించండి.

చీరతో వెనక్కి నడవడం కష్టం. కుచ్చెళ్ళ అంచు మడమ కింద పడితే మనిషి వెల్లకిలా పడుతుంది. ఈ వయసులో తుంటి ఎముక, మణికట్టు విరగడానికి అది చాలు. చుడీదారు వేసుకోండి. చీరే కట్టుకుంటానంటే అంచు చీలమండకు పైన ఉండేటట్లు కట్టుకోండి. మరొక మాట. కూచిపూడి నేర్చుకున్నారు కనుక పాదం నేలకు తట్టే అలవాటు మీ కాళ్ళకు ఇంకా గుర్తుండవచ్చు. టాంగోలో పాదం తట్టకూడదు, నేల మీద జారాలి. మోకాళ్ళు అరమండిలోలాగా వంచనక్కరలేదు, నిటారుగా నిలబడవచ్చు. మోకాళ్ళ అరుగుదల ఉన్నవారికి ఇది కొంత సుఖం.

నలుగురిలో ఎలా చెప్పుకోవాలి?

మీ రెండో ప్రశ్నకు టాంగోలోనే జవాబు ఉంది. మిలోంగాలో పాటలు ఒకదాని వెంట ఒకటి ఆగకుండా రావు. మూడు నాలుగు పాటలు ఒక జట్టుగా వేస్తారు. ఆ జట్టును "తాందా" అంటారు. అంతా కలిపి పది, పన్నెండు నిమిషాలు. ఆ తర్వాత కాసేపు వేరే రకం సంగీతం వినిపిస్తారు. దానిని "కోర్తీనా" అంటారు. తెర అని అర్థం. అది వినగానే జంటలన్నీ విడిపోయి ఎవరి కుర్చీలకు వాళ్ళు వెళ్ళిపోతారు. పది నిమిషాల శ్రమ, ఆ వెంట విశ్రాంతి. మీకు నేను చీటీ రాసినా ఇలాగే రాసేవాణ్ణి. మీరు ఒక తాందా ఆడి, ఒకటి మానేసి, మళ్ళీ ఒకటి ఆడండి. రాత్రి మొత్తానికి మూడో నాలుగో తాందాలు చాలు. కూర్చున్నప్పుడల్లా నాలుగు గుక్కలు నీళ్ళు తాగండి.

పాట మధ్యలో ఒంట్లో బాగా లేకపోతే "గ్రాసియాస్" అనండి. కృతజ్ఞతలు అని అర్థం. మిలోంగాలో ఆ మాట అంటే "ఇక చాలు, ఆపుదాం" అని అందరికీ తెలుసు. తాందా పూర్తి కాకుండా మధ్యలో ఆపితే ఎదుటివారు కాస్త చిన్నబుచ్చుకోవచ్చు. చిన్నబుచ్చుకోనివ్వండి. మీ షుగరు కన్నా వాళ్ళ మర్యాద ఎక్కువ కాదు.

కొత్తవారితో ఆడడం ఇష్టం లేకపోతే దానికీ పద్ధతి ఉంది. అక్కడ ఆహ్వానం దూరంనుంచి చూపుతో, తల పంకించి చేస్తారు. మీరు చూపు తిప్పుకుంటే చాలు, ఎవరూ బలవంతం చేయరు. పాఠంలో గురువు జంటలు మార్చమన్నా, మీరు మీవారితోనో మీ అబ్బాయితోనో ఉంటామని చెప్పవచ్చు. దగ్గరగా ఆనుకుని ఆడనక్కరలేదు. చేతులు పట్టుకుని దూరంగా నిలబడి కూడా ఆడవచ్చు.

మీ అబ్బాయిచేత ఒక కార్డు మీద స్పానిష్‌లో ఇలా రాయించుకుని సంచీలో పెట్టుకోండి: "నాకు షుగరు వ్యాధి ఉంది. నేను తికమకగా మాట్లాడితే పంచదార నీళ్ళు ఇవ్వండి. స్పృహ తప్పితే 107కు ఫోను చేయండి." కింద మీ మందుల పేర్లు, మీ అబ్బాయి ఫోను నంబరు ఉండాలి. ప్రయాణపు ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు షుగరు, బి.పి. ఉన్నట్లు దాచకుండా రాయండి. దాస్తే అవసరానికి డబ్బు రాదు.

లాభం ఏమిటి?

ఒక్క రాత్రి టాంగోతో ఏ జబ్బూ నయం కాదు. కాని ఆ నడక మంచి వ్యాయామం. ఆగడం, మళ్ళీ కదలడం, వెనక్కి అడుగు వేయడం, ఒంటి కాలి మీద బరువు నిలపడం — పెద్ద వయసులో పడిపోకుండా కాపాడేవి ఇవే. అమెరికాలోని సెయింట్ లూయీ నగరంలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంవారు పార్కిన్‌సన్ జబ్బు ఉన్న కొద్దిమందికి టాంగో నేర్పి, 2007లో ఫలితాలు ప్రచురించారు. టాంగో నేర్చుకున్నవారికి నిలకడ మెరుగుపడిందని తేలింది. చిన్న పరిశోధనే అయినా, ఆ తర్వాత చాలా చోట్ల ఈ నాట్యాన్ని వ్యాయామంగా వాడుతున్నారు.

ఇప్పటినుంచే మొదలుపెట్టండి

ప్రయాణానికి ఇంకా నెల ఉంది. రోజూ అరగంట చురుగ్గా నడవండి. వంటింటి గట్టు పట్టుకుని ఒంటి కాలి మీద పది సెకండ్లు నిలబడండి. తర్వాత రెండో కాలు. గట్టును ఒక్క వేలితో ఆనుకుని నిలబడగలిగేదాకా రోజూ చేయండి. గోడ పక్కన పదేసి అడుగులు వెనక్కి నడవండి. ముందు కాలి వేళ్ళు నేలను తాకాలి, ఆ తర్వాత మడమ దిగాలి. కార్లోస్ ది సార్లీ వాద్యబృందం పాత రికార్డులు మీ అబ్బాయిని పంపమనండి. నెమ్మదిగా, అడుగు వేయడానికి వీలుగా ఉంటాయి. ఆ పాట పెట్టుకుని, మీవారి రెండు చేతులూ పట్టుకుని, ఆయనను ముందుకు నడవమని మీరు వెనక్కి నడవండి. గంతులేమిటని ఆయన అడిగితే, ఇది డాక్టరు చెప్పిన నడక అనండి. రేపు ఉదయం కాఫీ అయ్యాక వరండాలో పది నిమిషాలతో మొదలుపెట్టండి.